నాకు లేని షుగర్

కుడి మోకీలు మార్చే ఆపరేషన్‌కు ముందు చేసుకోవలసిన పనులని ఆసుపత్రివాళ్ళు ఒక కాగితం ఇచ్చారు. అందులో పదకొండు పనులున్నాయి. వాటిని 2013 డైరీలో నా చేతిరాతతో మళ్ళీ రాసుకుని, ఒక్కొక్క దాని పక్కన చిన్న గడి గీసుకున్నాను. పుచ్చిపోయిన పన్ను తీయించుకోవాలి. నేలమీద పరిచిన పట్టాలన్నీ తీసేయాలి. కింది అరల్లో ఉన్న సామాను నడుము ఎత్తుకు మార్చుకోవాలి. మరుగుదొడ్డి సీటు మీద ఎత్తు పీట బిగించుకోవాలి. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి రోజుకు మూడుసార్లు అదమాలి. ఇంటికొచ్చాక పదిహేను రోజులు ఉండటానికి ఒక ఆయాను మాట్లాడుకోవాలి. అన్ని గడుల్లోనూ టిక్కులు పడ్డాయి. తొమ్మిదోది మాత్రం ఖాళీగా ఉండిపోయింది. 'రక్తం ఇచ్చేవాళ్ళు ఇద్దరు.'

నాకు ఎక్కించే రక్తం ఆసుపత్రివాళ్ళే సర్దుతారు. దానికి బదులుగా నా తరఫున ఇద్దరు ముందే వెళ్ళి వాళ్ళ రక్తనిధిలో ఇవ్వాలి. ఏ గ్రూపు వాళ్ళయినా ఫరవాలేదు. ఆ ఇద్దరి చీటీలు అందేదాకా ఆపరేషన్ తేదీ మాత్రం చెప్పరు.

నేను పెళ్ళి చేసుకోలేదు. తెనాలి దగ్గర ఉన్న అన్నయ్యకు డెబ్బై దాటాయి. నాతో పనిచేసినవాళ్ళంతా నా వయసువాళ్ళే, అందరూ ఏదో ఒక మాత్ర మింగుతున్నవాళ్ళే. విమానాశ్రయంలో వాతావరణం కొలిచే ఉద్యోగం నాది. 2008లో విమానాలన్నీ బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారినప్పుడు నేనూ మారాను. ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉందికదా అని సాతంరాయిలో, బెంగుళూరు రోడ్డుకు లోపలగా చిన్న ఇల్లు కిరాయికి తీసుకున్నాను. రిటైరయ్యాక కూడా అక్కడే ఉండిపోయాను. మొత్తం ఐదేళ్ళు. ఐదేళ్ళలో రక్తం అడగగలిగేంత చనువు ఎవరితోనూ పెంచుకోలేదన్న సంగతి ఆ ఖాళీ గడి చూశాక తెలిసింది.

చనువు లేదనడం కూడా అబద్ధమే. పక్కింటామె ఉంది.

పక్కింటివాళ్ళది తరతరాలుగా ఆ ఊళ్ళో వ్యవసాయం. భూమి చాలావరకు పోయినా, మిగిలిన ఎకరంలో పాలకూర, కొత్తిమీర వేస్తారు. తెల్లవారుజామునే ఆయన ఆకుకూర కట్టలు బండి మీద వేసుకుని శంషాబాద్ మార్కెట్‌కు వెళతాడు. ఆవిడకు అప్పటికి నలభై ఐదేళ్ళు ఉంటాయి. కింది అరల సామాను పైకి మార్చడానికి నేను వంగలేను కాబట్టి, ఆవిడే వచ్చి నేలమీద కూర్చుని ఒక్కొక్కటీ అందించింది. పని ముగింపుకొచ్చి నేను దానికీ టిక్కు పెట్టాక, డైరీ కనబడితే వేలు పెట్టి చూపించింది.

"అన్నిటికి గీతలు పెట్టినవ్. గీ ఒక్కటి ఎందుకు విడిచిపెట్టినవక్కా?"

చదివి చెప్పాను.

"ఇద్దరేనా? గింత దానికేనా మొకం గట్ల పెట్టుకున్నవ్? మా ఆయన ఒకడు. మామిడిపల్లిల మా తమ్ముడున్నడు, ఆనికి ఫోన్ కొడత. అయిపాయె. ఇగ గీ డబ్బ ఏడ పెట్టాలె చెప్పు."

అర నిమిషం కూడా పట్టలేదు. నేను కలం తీసుకున్నాను గాని గడిలో టిక్కు పెట్టలేకపోయాను.

ఎందుకో చెప్పాలంటే ఈ ఊరికి వచ్చిన మొదటి వానాకాలానికి వెళ్ళాలి. ఒకరోజు సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి పక్కింటాయన గేటు బయట నిలబడి ఉన్నాడు. చెప్పులు విడిచి, తల మీద తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. అంతకుముందు మేం మాట్లాడుకున్నది నాలుగైదు మాటలు.

"మేడం, మా ఇంటామెకు గర్భసంచి ఆపరేషన్ జేస్తమంటున్నరు. రెండు బాటిళ్ళ రక్తం కావాల్నంట. ఒకటి నేనిస్తున్న. ఇంకొకటి... నువ్వు పెద్ద నౌకరి జేసెటామెవు, నీకు గివన్ని ఎరుకుంటయని అడగొచ్చిన."

నాకప్పుడు యాభై ఎనిమిదేళ్ళు. ఇవ్వగలిగిన వయసే. ఆఫీసులో ఏటా చేసే పరీక్షల్లో రక్తం బాగుందని రాసేవాళ్ళు. సూదంటే భయం కూడా లేదు. భయం ఉండి ఉంటే ఈ కథ నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. నా మనసులో వచ్చిన మాట ఇది: వీళ్ళకు చుట్టాలే లేరా? ఒకసారి ఇస్తే ఇంక ప్రతిదానికీ గేటు దగ్గరికి వస్తారు. ఆ మాట పైకి అనలేను కాబట్టి, నోటికి వచ్చింది చెప్పాను.

"నాకు షుగర్ ఉందండీ. ఇవ్వకూడదన్నారు."

"అయ్యో! షుగరా?" ఆయన మొహంలో తన కష్టం పక్కకు పోయి నా కష్టం వచ్చి కూర్చుంది. "ఎరుకలేక అడిగిన మేడం, ఏమనుకోకు. ఒక్కదానివి ఉంటవ్. జర పైలం."

నన్ను ఓదార్చి వెళ్ళిపోయాడు.

నేను ఇరవయ్యో ఏట నుంచి డైరీ రాస్తున్నాను. మొదటి వరుసలో ఆ రోజు ఎక్కువ, తక్కువ ఉష్ణోగ్రతలు. తర్వాత ఎవరు వచ్చారు, ఏం మాట్లాడారు. మా ఉద్యోగంలో మొదట నేర్పేది రెండు నియమాలు. కళ్ళతో చూడని అంకె రాయకూడదు. రాసిన అంకె తప్పయితే చెరపకూడదు. తప్పు కూడా కనబడేలా దాని మీద ఒక్క గీత కొట్టి, పైన సరైనది రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టాలి. వానలో గొడుగు పట్టుకుని వెళ్ళి థర్మామీటరు చూసి వచ్చిన మనిషిని నేను. ఆ రోజు డైరీలో రాసింది: 'పక్కింటాయన వచ్చి రక్తం అడిగారు. వీలు కాదన్నాను.' అంతే. షుగర్ మాట అందులో లేదు.

ఆవిడ ఆపరేషన్ అయ్యి, ఒక నెలకు లేచి తిరిగింది. మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు చేతిలో స్టీలు గ్లాసు ఉంది.

"చాయ్ తెచ్చిన అక్కా. చక్కెర ఎయ్యలే. నీకు షుగరంట గద, మా ఆయన చెప్పిండు."

అప్పుడే చెప్పేసి ఉండవలసింది. నవ్వేస్తే పోయేది. గ్లాసు అందుకుని తాగాను. ఆ తర్వాత ఐదేళ్ళపాటు దాదాపు ప్రతి సాయంత్రం ఆ గ్లాసు వచ్చింది. చక్కెర లేకుండానే వచ్చింది. వాళ్ళింట్లో ఏ శుభకార్యమైనా నాకు వేరే పళ్ళెం ఉండేది. అందరికీ భక్షాలనే బొబ్బట్లు, నాకు గారెలు. అందరికీ లడ్డూలు, నాకు సకినాలు. పిల్లలెవరైనా మిఠాయి పట్టుకుని నావైపు వస్తే ఆవిడ దూరం నుంచే కేక వేసేది: "అక్కకు పెట్టకుండ్రి, షుగరున్నది!" నా ముందు తింటే నాకు ఆశ పుడుతుందని వాళ్ళను లోపలికి తోలేది.

నిజమేమిటంటే నాకు తీపంటే ప్రాణం. పింఛను పనిమీద నగరంలోకి వెళ్ళిన ప్రతిసారీ ఆరాంఘర్ దగ్గర బస్సు దిగి పాలకోవా కొనుక్కుని, సంచి అడుగున పెట్టుకుని వచ్చి, వాళ్ళ ఇంటివైపు కిటికీ మూసి తినేదాన్ని. ఖాళీ అట్టపెట్టెను నాలుగు మడతలు పెట్టి పాత కాగితాల మధ్య దూర్చి చెత్తబుట్టలో వేసేదాన్ని. ఇంత పకడ్బందీగా నేను రిటైర్మెంటు కాగితాలు కూడా సర్దుకోలేదు.

వీటన్నిటికంటే ఎక్కువ నన్ను తినేసింది అల్లనేరేడు పొడి. షుగర్‌కు అది మంచిదని ఎవరో చెప్పారట. ప్రతి వేసవి చివర్లో ఆవిడ గింజలు ఏరి, కడిగి, నీడలో ఎండబెట్టి, దంచి, జల్లెడ పట్టి ఒక గాజు సీసా నిండా తెచ్చేది. "పొద్దుగాల్నే ఒక చెంచ నీళ్ళల్ల కలుపుకో" అని చెప్పేది. నేను రోజూ ఒక చెంచా తీసి పెరట్లో గులాబీ మొదట్లో పోసేదాన్ని. సీసా తరుగుతున్నట్టు ఆవిడకు కనబడాలి కదా.

ఇప్పుడు ఆ ఇంటివాళ్ళే నాకు రక్తం ఇస్తామంటున్నారు. ఆ రుణం తిరిగి తీర్చుకుందామన్నా నా వయసుకు నా రక్తం ఎవరూ తీసుకోరు.

చెప్పాలనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. కాని చెబితే ఆ ఇద్దరూ వెనక్కి తగ్గవచ్చు, తగ్గితే నాకు ఇంకెవరూ లేరు, ఆపరేషన్ ఆగిపోతుంది. అప్పటికే రాత్రి మంచం మీద నుంచి బాత్రూముకు వెళ్ళడానికి గోడ పట్టుకుని పదిహేను అడుగులు లెక్కపెట్టుకుంటున్నాను. కాబట్టి, వాళ్ళు రక్తం ఇచ్చి వచ్చాక చెబుదామని నిర్ణయించుకున్నాను. నా జీవితంలో నేను చేసిన లెక్కలన్నిటిలోకీ నీచమైన లెక్క అదే. దాన్నీ ఆ రోజు డైరీలో రాయలేదు.

మత్తు డాక్టరు చూడవలసిన రోజు పక్కింటామె తనూ వస్తానంది.

"వద్దమ్మా, ఒక గంట పని. ఆటోలో వెళ్ళి వస్తాను."

"నువ్వు డాక్టర్లకు అన్ని చెప్పవు. మా అత్తకు గట్లనే షుగర్ చెప్పకుంటె, కాలికి పుండయి మానక ఏలు తీసేసిన్రు. నేనొస్త."

"నేను చెబుతాను. నా మీద నమ్మకం లేదా?"

"నువ్వా? నీకు జరమొస్తె గూడ థర్మామీటర్ జూసి పుస్తకంల రాసుకుంటవ్ గని, మాకు చెప్తవా?" అని నవ్వి, చీర మార్చుకోవడానికి వెళ్ళింది.

మత్తు డాక్టరు చిన్న వయసు అమ్మాయి. నా కాగితాలు ఒక్కొక్కటే తిప్పుతూ గుండె, ఊపిరితిత్తులు, మందులు పడకపోవడాలు అడిగింది. చెప్పాను. షుగర్ అన్న చోట నేను ముందే 'లేదు' అని రాసి ఇచ్చాను. ఆమె తర్వాతి కాగితం తిప్పబోతుంటే పక్కింటామె కుర్చీ ముందుకు జరుపుకుంది.

"డాక్టరమ్మా, ఒక్క మాట. ఈమె చెప్పదు. ఈమెకు షుగరున్నది. ఐదేండ్లాయె. పుండు మానేదాంక దవాఖానల్నే ఉంచుకోండ్రి."

డాక్టరు వెనక్కి తిప్పి చూసింది. "మూడు నెలల సగటు కూడా చూశామమ్మా. షుగర్ లేదు."

"లేదా?" ఆవిడ నా భుజం మీద గట్టిగా చరిచింది. "చూసినవా అక్కా! నా నేరేడు పొడి! నేను చెప్పలే?" పక్కన రక్తపోటు చూస్తున్న నర్సు వైపు తిరిగి, "నువ్వు గూడ రాసుకో బిడ్డ. గింజలు ఎండల ఎండబెట్టొద్దు, నీడల పెట్టాలె. మెత్తగ దంచాలె..." అంటూ రెండు చేతులతో దంచుతున్నట్టు చూపించసాగింది. ఆవిడ మొహం అంత వెలిగిపోగా నేను వాళ్ళ అమ్మాయి పెళ్ళిలో కూడా చూడలేదు.

డాక్టరు నవ్వలేదు. "ఏ మాత్రలు వాడేవారు? ఎప్పుడు మానేశారు? పొడి ఒక్కటే వాడారా? మత్తు ఇచ్చే ముందు నాకు ఇది సరిగ్గా తెలియాలండీ."

దారి తెరిచే ఉంది. అవును, పొడితోనే తగ్గిందంటే చాలు. ఒక మనిషి ఏళ్ళ తరబడి సంతోషంగా ఉండేది. నేను కూడా. నా ఎదురుగా తెరిచిన కాగితం, దాని మీద అంకె రాయడానికి ఆగిన కలం ఉన్నాయి.

"నాకు షుగర్ ఎప్పుడూ లేదు."

"మరి ఆవిడ అంటున్నది?"

"నేనే అలా చెప్పాను. ఐదేళ్ళ కిందట."

"ఎందుకు?" అలవాటు కొద్దీ అడిగినట్టే అడిగింది, తల ఎత్తకుండా.

"వాళ్ళకు రక్తం ఇవ్వడం ఇష్టం లేక."

దంచుతున్నట్టు గాల్లో ఆగిన పక్కింటామె చేతులు మెల్లగా ఒళ్ళోకి వచ్చాయి. ఆవిడ నావైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

తిరిగి వస్తుంటే ఆటోలో ఇద్దరి మధ్యా నా చేతికర్ర ఉంది. ఆరాంఘర్ కూడలిలో చాలాసేపు ఆగిపోయాం. బస్సుల హారన్ల మధ్య నేనే అన్నాను, "మీ ఆయన్ని, తమ్ముణ్ణి రావద్దని చెప్పమ్మా. నేను వేరే చూసుకుంటాను." వేరే ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు. కూడలి దాటి గతుకుల్లో పడ్డాక ఆవిడ డ్రైవరుతో మాత్రం, "అన్నా, జర మెల్లగ పోనీ. ఆమె మోకాలు నొస్తది" అంది.

ఆ సాయంత్రం గ్లాసు రాలేదు. మర్నాడూ రాలేదు. గోడ అవతల ఆవిడ గేదెను అదిలిస్తున్న గొంతు వినబడేది, నేను పెరట్లోకి వెళితే ఆగిపోయేది. నా చాయ్ నేనే పెట్టుకున్నాను. చక్కెర వేసుకోబోయి, చెయ్యి రాక మానేశాను.

మూడో రోజు పాత డైరీల పెట్టె తెరిచి 2008ది తీశాను. 'వీలు కాదన్నాను' అన్న మాట మీద ఒక్క గీత కొట్టి, పైన రాశాను: 'షుగర్ ఉందని అబద్ధం చెప్పాను. ఇవ్వడం ఇష్టం లేక.' పక్కన పొట్టి సంతకం పెట్టాను. సర్వీసు మొత్తంలో ఎన్నో దిద్దుబాట్లు చేశాను. అంకె కాకుండా మాట దిద్దింది ఇదొక్కటే. దిద్దినందువల్ల ఏమీ తేలిక పడలేదు. తప్పు కనబడుతూనే ఉండాలన్నది ఆ నియమం ఉద్దేశం, ఆ పని మాత్రం అది చేస్తోంది.

నాలుగో రోజు పదకొండు గంటలకు ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. "మీ ఇద్దరు డోనర్లూ పొద్దున్నే వచ్చి ఇచ్చి వెళ్ళారండీ. చీటీలు అందాయి. వచ్చే గురువారం చేరిపోండి."

ఫోను పెట్టేసి డైరీ తెరిచాను. తొమ్మిదో గడిలో టిక్కు పెట్టాను. జాలితో ఇచ్చారా, ఆడిన మాట తప్పకూడదని ఇచ్చారా అన్నది నాకు తెలియలేదు. ఏదైనా నేను అర్హురాలిని కాను.

సాయంత్రం పక్కింటామె వచ్చింది. చేతిలో గ్లాసు లేదు. మూత పెట్టిన పళ్ళెం ఉంది. బల్ల మీద పెట్టి మూత తీసింది. భక్షాలు, నాలుగు. నెయ్యి ఇంకా మెరుస్తోంది. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"తిను."

"తరవాత తింటానమ్మా."

"ఇప్పుడు తిను. నా ముంగట తిను. కిటికి మూసుకొని తిన్నది చాలు."

తలెత్తి ఆవిడ వైపు చూశాను.

"కోవ డబ్బలు నాకు కనబడలేదనుకున్నవా? చెత్తబండికి నీ బుట్ట ఎన్నిసార్లు నేనే అందియ్యలే? షుగరుండి గూడ ఉండలేక దొంగతనంగ తింటున్నది పాపం అనుకున్న. మా ఆయనకు గూడ చెప్పలే, నీ ఇజ్జత్ పోతదని."

నేను ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాను.

"మీ ఆయనకు, తమ్ముడికి ఏం చెప్పావు?" అని అడిగాను.

"ఉన్నది చెప్పిన. మా తమ్ముడు పోనంటె పోనన్నడు. మా ఆయనే ఆన్ని గుంజుకపోయిండు. ఇస్తమన్నంక ఇయ్యాలెనట." పళ్ళెం నావైపు జరిపింది. "రక్తం ముచ్చట గాదక్కా. నువ్వియ్యకుంటె మా మేనబావ ఇచ్చిండు, నేను బతికిన. ఇయ్యనంటె అయిపోతుండె. ఇయ్యనోళ్ళు మస్తుమంది, వాళ్ళతోటి మాట్లాడుతలేనా? ఐదేండ్లు నీకు సప్పటి చాయ్ పోసిన. మా బిడ్డ పెండ్లిల బంతి మొత్తానికి లడ్డు ఏసుకుంట వచ్చి, నీ ఇస్తరి కాడ దాటిపోయిన. ఆ రాత్రి నాకు అన్నం సయించలే తెలుసా? ఆ పాపం నాకెందుకు తగిలిచ్చినవ్?"

ఎప్పుడూ నా రక్తం గురించే తలచుకుంటూ వచ్చాను. ఆవిడ చేత నేను చేయించిన పని గురించి ఒక్కసారీ ఆలోచించలేదు. "తప్పయిపోయింది" అన్నాను. ఆ మాట చాలదని తెలిసే అన్నాను.

ఆవిడ చీర చెంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత, ఏదో గుర్తొచ్చినట్టు తల తిప్పింది.

"మరి నా పొడి ఏం జేసినవ్?"

"గులాబీకి పోశాను."

"ఐదు సీసాలు?"

"ఐదూ."

పెరటి వైపు చూసింది. రెండేళ్ళుగా ఆ గులాబీ ఆకు రాలి కట్టెలా నిలబడి ఉంది. దాన్ని బతికించాలని పేడ ఎరువు తెచ్చి వేసింది ఆవిడే.

"గందుకేనా అది గట్లయింది! నేను పురుగు పట్టిందనుకొని దానికి మందు గూడ కొట్టిస్తి." నవ్వు ఆపుకోవాలని చూసింది, కుదరలేదు. కోపం పోలేదు గాని, నవ్వింది. నాకు నవ్వే ధైర్యం లేదు. రెండో భక్షం తుంచుకున్నాను.

ఆవిడ లేచి, మా ఇంటి తాళం చెవి జత ఒకటి మేకు నుంచి తీసి కొంగున ముడి వేసుకుంది. నేను ఆసుపత్రిలో ఉండే రోజుల్లో ఇల్లు ఊడ్పించేది తనే. గుమ్మం దగ్గర ఆగింది.

"దవాఖాన నుంచి వచ్చినంక చాయ్ తెస్త. ఎన్ని చెంచల చక్కెర ఎయ్యాలె?"

ఒకటి అనబోయాను. అలా అయితే మర్యాదగా ఉంటుంది.

"రెండున్నర," అన్నాను తల దించుకుని.